గ్యాసే కదా అని ఊరుకున్నా!

భోగి రోజు మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికే అందరూ లేచేస్తారు. మంట వేయాలి, నలుగు పెట్టుకోవాలి, తలంట్లు పోసుకోవాలి. రాజమండ్రిలో మాది ఇప్పటికీ అలాంటి ఇల్లే. కానీ మొన్న సంక్రాంతికి నేను ఆ మంట దగ్గర అయిదు నిమిషాలు కూడా నిలబడలేకపోయా. కళ్లు తిరిగాయి. వెళ్లి అరుగు మీద కూలబడితే మా మామ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏరా, మొహం అలా పాలిపోయిందేంటి?"

"ఏం లేదు మామ్మా, గ్యాస్. రాత్రంతా రైల్లో నిద్ర లేదు."

ఆవిడ ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, "దొడ్డికి నల్లగా ఏమైనా అవుతోందా?" అని అడిగింది.

నేను నవ్వేశా. 28 ఏళ్ల మగాణ్ని పట్టుకుని పండగ పూట అడిగే ప్రశ్నా అది! కానీ నవ్వుతూనే గుర్తొచ్చింది. రెండు రోజుల నుంచీ నల్లగానే అవుతోంది. తారులా, జిగటగా, ఎప్పుడూ లేనంత వాసనతో. నల్ల ద్రాక్ష తిన్నాను కదా, అదేమో అనుకుని ఊరుకున్నా.

"అవును" అన్నాను.

మామ్మ ఇంకేం మాట్లాడలేదు. లేచి లోపలికెళ్లి నాన్నని పిలిచింది. "వీణ్ని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లు. మీ నాన్నకీ ఇలాగే అయ్యింది" అంది.

మా తాతయ్య నేను పుట్టకముందే పోయారు. పొలం నుంచి రాగానే కడుపులో మంట అనేవారట. గోళీ సోడా తాగి పడుకునేవారట. ఒకరోజు నల్లగా విరేచనం అయ్యింది, మర్నాడు రక్తం కక్కుకున్నారు. కాకినాడ తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఇంట్లో ఈ కథ నేను చాలాసార్లు విన్నా. కానీ నా కడుపు నొప్పికీ దానికీ ఏదైనా సంబంధం ఉండొచ్చని ఏనాడూ అనుకోలేదు. ఎందుకంటే నాది గ్యాస్ కదా!

పదకొండు నెలల గ్యాస్

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మా క్లయింట్ అమెరికాలో. వాళ్లకి పగలు, మాకు రాత్రి. రాత్రి పదకొండింటికి కాల్ పూర్తయ్యాక బిర్యానీ ఆర్డర్, ఒంటి గంటకి తిండి, రెండింటికి పడక. పొద్దున్న లేచేసరికి తలనొప్పి. ఖాళీ కడుపున ఒక కాఫీ, ఒక నొప్పి బిళ్ళ. నడుం నొప్పి మొదలయ్యాక అవి రోజుకి రెండయ్యాయి.

మొదట బొడ్డు పైన, పక్కటెముకల కింద ఒక మంట. తర్వాత నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండేది. పొట్ట ఉబ్బరం, పుల్లటి తేన్పులు, అప్పుడప్పుడు వికారం. ఫ్లాట్ కింద ఉన్న మెడికల్ షాపులో "గ్యాస్‌కి ఏమైనా ఇవ్వండి" అంటే ఒక స్ట్రిప్ చేతిలో పెట్టారు. పొద్దున్నే పరగడుపున ఒకటి. రెండు రోజుల్లో మంట పోయింది. ఆపేస్తే మళ్లీ వచ్చింది. దాంతో ఆపడం మానేశా. అలా పదకొండు నెలలు గడిచాయి.

నాకు ఇప్పుడు సిగ్గుగా అనిపించే విషయం ఒకటుంది. ఆఫీసులో సర్వర్ పడిపోతే ఊరికే రీస్టార్ట్ చేసి వదిలేస్తే మా మేనేజర్ ఊరుకోడు. అసలు ఎందుకు పడిందో కారణం రాసి పంపాలి. ఎవరో రాసిన కోడ్ విషయంలో అంత పట్టుదలగా ఉండేవాణ్ని, నా కడుపుని మాత్రం పదకొండు నెలలు రీస్టార్ట్ చేస్తూ కూర్చున్నా.

మనకి "గ్యాస్" అనే మాట చాలా సుఖమైన మాట. కడుపులో మంటా? గ్యాస్. ఛాతీలో పట్టేసిందా? గ్యాస్. తల తిరిగిందా? అది కూడా గ్యాసే. ఆ మాట అనగానే మన ధైర్యం మనకొచ్చేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే పని తప్పుతుంది.

అసలు లోపల ఏం జరుగుతుంది?

భోగి రోజు ఆసుపత్రిలో మొదట రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 9.1. మగవాళ్లకి 13 కన్నా తక్కువ ఉంటేనే రక్తహీనత అంటారు. వెంటనే చేర్చుకుని సెలైన్ పెట్టారు. పండగ మూడు రోజుల్లో రెండు రోజులు ఆసుపత్రి మంచం మీదే.

నన్ను చూసిన డాక్టరు గారు ఓపికమంతులు. కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. మన జీర్ణాశయం రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా జఠర రసం తయారుచేస్తుంది. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అంత ఘాటైన ఆమ్లం మాంసాన్ని కూడా అరిగించేస్తుంది కదా, మరి జీర్ణాశయాన్ని ఎందుకు అరిగించదు? లోపలి గోడ మీద జిగురు పొర ఒకటి ఉంటుంది. దాని కింద ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఉంటుంది. ఈ రక్షణ దెబ్బతింటే ఆమ్లం నేరుగా గోడకి తగులుతుంది. గోడ ఎర్రగా వాచిపోతుంది. ఈ వాపునే గ్యాస్ట్రైటిస్ అంటారు. వాపు ముదిరి గోడ లోతుగా ఒరుసుకుపోతే అది పుండు, అంటే అల్సర్. ఆ పుండు రక్తనాళాన్ని తాకితే రక్తస్రావం.

ఆ రక్తం ఎర్రగా ఎందుకు పడదు అని నాకు అనుమానం వచ్చింది. జీర్ణాశయంలో కారిన రక్తం ఆమ్లంలో నాని, పేగులన్నీ దాటుకుని వచ్చేసరికి నల్లగా తారులా మారిపోతుందట. ఐరన్ బిళ్ళలు వేసుకున్నా మలం నల్లగానే ఉంటుంది కానీ ఈ జిగటా, ఈ వాసనా ఉండవు. మా మామ్మకి ఈ సైన్సేమీ తెలీదు. తాతయ్యని చూసింది, గుర్తుపెట్టుకుంది, అంతే.

నొప్పి బిళ్ళ చేసే నష్టం

"ఏమేం మందులు వాడుతున్నావు బాబూ?" అని డాక్టరు గారు అడిగినప్పుడు గ్యాస్ బిళ్ళ ఒక్కటే చెప్పా. నొప్పి బిళ్ళ నా దృష్టిలో మందే కాదు. ఆయన మూడోసారి అడిగాక గానీ అది బయటికి రాలేదు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు మన శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. నొప్పి, వాపు తగ్గేది అందుకే. కానీ జీర్ణాశయంలో జిగురు పొరని నిలబెట్టేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అంటే ఒక చేత్తో నడుం నొప్పి తగ్గించుకుంటూ రెండో చేత్తో కడుపు గోడకి ఉన్న రక్షణ తీసేసుకుంటున్నానన్న మాట. ఆ బిళ్ళ తిన్నాక వేసుకుంటే ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. మంట కాస్త తగ్గొచ్చు గానీ నష్టం పూర్తిగా తప్పదు. ఎందుకంటే ఆ మందు రక్తంలో కలిసిన తర్వాత కూడా పొర మీద పనిచేస్తుంది.

ఆల్కహాల్, సిగరెట్ కూడా ఈ పొరకి శత్రువులే. మరి ఆవకాయ? అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కారం వల్ల గ్యాస్ట్రైటిస్ పుట్టదట. కాకపోతే అప్పటికే వాచిన గోడ మీద కారం పడితే మంట ఎక్కువవుతుంది. టెన్షన్ సంగతీ దాదాపు అంతే. ఆఫీసు ఒత్తిడి ఒక్కటే పుండు చేయదు గానీ ఉన్న బాధని రెట్టింపు చేసి చూపిస్తుంది. పైగా ఆ ఒత్తిడిలోనే మనం వేళ తప్పి తింటాం, బిళ్ళలు మింగుతాం.

పసుపు రంగు మారలేదు

మర్నాడు ఎండోస్కోపీ. నాకు చచ్చేంత భయం. నిజానికి పెద్ద విషయమేం కాదు. రాత్రి నుంచి ఏమీ తినకూడదు. గొంతులో చేదు మందు స్ప్రే చేస్తారు, గొంతు మొద్దుబారుతుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి పంపిస్తారు. ఓకరింపు వస్తుంది, కళ్లలో నీళ్లు వస్తాయి. ముక్కుతో ఊపిరి తీసుకోమంటారు. పది నిమిషాల్లోపే అయిపోయింది.

జీర్ణాశయం కింది భాగం అంతా ఎర్రగా వాచి, అక్కడక్కడా చిన్న చిన్న పుండ్లు పడ్డాయి. రక్తం కారుతున్న చోటు అప్పటికే మూసుకుంది. "ఇంకో వారం ఆలస్యం చేసి ఉంటే ఏం జరిగేదో చెప్పలేను" అన్నారాయన.

అదే గొట్టంతో గోడ నుంచి బియ్యపు గింజ కన్నా చిన్న ముక్కలు తీశారు. ఒక ముక్కని పసుపు రంగు పరీక్షలో వేశారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉంటే ఆ పసుపు గులాబీ రంగులోకి మారుతుంది. నాది మారలేదు. హమ్మయ్య అనుకున్నా.

ఆయన మాత్రం హమ్మయ్య అనలేదు. "పదకొండు నెలలుగా గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నావు కదా. ఆ బిళ్ళ వాడుతుంటే ఈ సూక్ష్మజీవి సంఖ్య తగ్గి పరీక్షకి దొరక్కుండా తప్పించుకుంటుంది. చావదు, కనబడదు, అంతే. మిగతా ముక్కలు ల్యాబ్‌కి పంపిస్తున్నా" అన్నారు. నాలుగు రోజులకి రిపోర్టు వచ్చింది. మైక్రోస్కోప్ కింద ఉంది. నా మంటని నెలల తరబడి దాచిపెట్టిన బిళ్ళే, దానికి కారణమైన క్రిమిని కూడా దాచిపెట్టింది.

అందుకే ఈ పరీక్షకి కనీసం 2 వారాల ముందు పీపీఐ మందులు, అంటే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి ఆపమంటారు. యాంటిబయాటిక్స్ అయితే 4 వారాల ముందు. నాలాగా రక్తస్రావంతో వచ్చినవాళ్లకి అంత వ్యవధి ఉండదు కాబట్టి డాక్టర్లు వేరే దారులు వెతుక్కోవాలి. మందు ఆపాలా వద్దా అన్నది మాత్రం వాళ్లే చెప్పాలి, మనం నిర్ణయించుకోకూడదు.

క్రిమిని తాగేసిన డాక్టరు

అంత ఆమ్లంలో బాక్టీరియా బతుకుతుందా? ఒకప్పుడు డాక్టర్లు కూడా బతకదనే అనుకున్నారు. అల్సర్లన్నీ టెన్షన్ వల్ల, కారం వల్ల వస్తాయని చెప్పి జీవితాంతం మందులు వాడించేవారు, లేకపోతే ఆపరేషన్ చేసేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు వాచిన జీర్ణాశయ ముక్కల్లో మెలికలు తిరిగిన బాక్టీరియాని గమనించాడు. యువ డాక్టరు బారీ మార్షల్ ఆయనతో చేయి కలిపాడు. దాన్ని ల్యాబ్‌లో పెంచుదామంటే ఎంతకీ పెరగదు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లని మామూలుగా రెండు రోజులకి తీసేయకుండా ఎక్కువ రోజులు వదిలేశారు. అప్పుడు పెరిగింది. అంటే సెలవులు కలిసొచ్చాయన్న మాట!

అయినా ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రావణాన్ని స్వయంగా తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వికారం, వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీ చేస్తే గ్యాస్ట్రైటిస్ తేలింది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని ఆమ్లాన్ని విరిచేసుకుంటుంది. జిగురు పొరలోకి దూరి అక్కడే కాపురం పెడుతుంది. ప్రపంచంలో దాదాపు సగం మందిలో ఇది ఉంటుందని అంచనా. ఎక్కువమందికి చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచి, కలుషితమైన నీళ్లు, తిండి నుంచి అంటుకుంటుంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరిలో మాత్రం పుండ్లు పడతాయి, ఇంకా కొద్దిమందిలో ఏళ్ల తరబడి ఉండి జీర్ణాశయ క్యాన్సర్‌కి దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. అందుకే ఉందని తేలాక వదిలేయకూడదు.

14 రోజులు, ఒక భీమవరం కథ

నాకు రాసిన కోర్సు 14 రోజులు. పీపీఐ రోజుకి రెండుసార్లు, తిండికి అరగంట ముందు. దాంతోపాటు బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్. అమోక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్‌లతో ఇంకో రకం కోర్సు కూడా ఉంది. కానీ మన దేశంలో యాంటిబయాటిక్స్‌ని ఇష్టమొచ్చినట్టు వాడేయడం వల్ల క్లారిత్రోమైసిన్‌కి చాలాచోట్ల ఈ క్రిమి లొంగడం లేదు. జలుబు చేసినప్పుడల్లా మూడు బిళ్ళలు కొనుక్కుని మింగే మన అలవాటు ఇక్కడ తిరగబడుతుంది.

ఆ 14 రోజులూ సుఖంగా గడవలేదు. నోట్లో ఎప్పుడూ రాగి చెంబు కొరికినట్టు ఒక లోహపు రుచి. బిస్మత్ వల్ల నాలుక నల్లబడింది, మలం కూడా నల్లగా వచ్చింది. అది మామూలేనని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. టెట్రాసైక్లిన్‌ని పాలు, పెరుగు, ఐరన్, కాల్షియం బిళ్ళలతో కలిపి వేసుకుంటే పనిచేయదు. రెండు గంటలైనా ఎడం ఉండాలి. అందుకే నా ఐరన్ బిళ్ళలు కోర్సు అయ్యాక మొదలుపెట్టారు. గర్భిణులకి, చిన్నపిల్లలకి టెట్రాసైక్లిన్ ఇవ్వరు. మెట్రోనిడజోల్ వాడుతున్నప్పుడు మందు తాగకూడదు.

ఆరో రోజుకి మంట పూర్తిగా పోయింది. వికారం మాత్రం మిగిలింది. "తగ్గింది కదా, ఆపేస్తా" అన్నాను. అమ్మ వినలేదు. మందుల డబ్బా తీసి తన దగ్గర పెట్టుకుని, స్కూలు పిల్లాడికి ఇచ్చినట్టు వేళకి ఒక్కో బిళ్ళ చేతిలో పెట్టేది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఖాళీగా కూర్చుని టెట్రాసైక్లిన్ గురించి చదువుతుంటే మన ఊరి పేరు తగిలింది. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో పోయారు. ఆయనకీ అదే వ్యాధి వచ్చి, చావు తప్పి బయటపడ్డారు. 1923లో అమెరికా వెళ్లారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకి నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకి అదే మందయ్యింది. తోబుట్టువులని తీసుకెళ్లిన రోగానికి ఆయనే మందు కనిపెట్టారన్న మాట.

ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందుని తీశారు. అదే ఆరియోమైసిన్. 1948లో బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. అందులోంచి ఒక క్లోరిన్ పరమాణువుని తీసేస్తే వచ్చేదే నేను మింగుతున్న టెట్రాసైక్లిన్. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 53. ఆయన పేరు మీద 1995లో తపాలా బిళ్ళ వేశారు గానీ, ఫోలిక్ యాసిడ్ బిళ్ళ వేసుకునే మనవాళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఇది చదివాక మిగతా ఎనిమిది రోజులు నేను మారు మాట్లాడకుండా బిళ్ళలు మింగా. కోర్సు మధ్యలో ఆపితే బతికిపోయిన బాక్టీరియా మందుకి అలవాటు పడుతుంది. అప్పుడు అంత కష్టపడి కనిపెట్టిన మందు నాకే కాదు, నా నుంచి అంటుకున్నవాళ్లకి కూడా పనిచేయదు.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

మంట తగ్గితే క్రిమి పోయినట్టు కాదు. కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించాలి. ఎండోస్కోపీ అక్కర్లేదు. యూరియా కలిపిన ద్రావణం తాగించి ఊపిరిని పరీక్షించే బ్రెత్ టెస్ట్ గానీ, మల పరీక్ష గానీ చాలు. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు. క్రిమి చచ్చిపోయాక కూడా అవి చాలాకాలం కనిపిస్తూనే ఉంటాయి.

నేను ఆ పరీక్షకి ముందు రెండు వారాలు గ్యాస్ బిళ్ళ ఆపాల్సి వచ్చింది. మొదటి వారం నరకం. చాలాకాలం వాడిన పీపీఐ ఒక్కసారిగా ఆపితే జీర్ణాశయం కొన్నాళ్లు మామూలు కన్నా ఎక్కువ ఆమ్లం తయారుచేస్తుంది. "చూశావా, బిళ్ళ లేకపోతే బతకలేను" అని నేను ఇన్నాళ్లూ పొరబడింది దీన్ని చూసే. మజ్జిగ, చల్లటి నీళ్లు, డాక్టరు గారు చెప్పిన యాంటాసిడ్ సిరప్‌తో నెట్టుకొచ్చా. రెండో వారానికి సర్దుకుంది. పరీక్షలో క్రిమి లేదని వచ్చింది. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 13.4.

పీపీఐ చెడ్డ మందు కాదు. నా ప్రాణం కాపాడిన మందుల్లో అదీ ఒకటి. కారణం తెలుసుకోకుండా, నెలల తరబడి, సొంతంగా వాడటమే తప్పు. ఎక్కువకాలం వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం కూడా ఉంది.

ఈ సంగతి మా ఇంట్లోనే ఇంకో రకంగా తెలిసింది. నా గొడవ అయ్యాక మామ్మ మందుల సంచి తీసి చూశా. మోకాళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి రోజుకి రెండు నొప్పి బిళ్ళలు, గుండెకి ఆస్పిరిన్. ఆ రెండూ కలిస్తే పెద్దవాళ్లలో రక్తస్రావం ప్రమాదం చాలా ఎక్కువ. డాక్టరు గారు నొప్పి బిళ్ళలు మాన్పించి పారాసిటమాల్‌కి మార్చారు. ఆస్పిరిన్ ఆపకుండా, కడుపుకి రక్షణగా పీపీఐ రాశారు. నాకు ఆపమన్న బిళ్ళే ఆవిడకి అవసరమైంది. సంక్రాంతికి మీరు ఇంటికెళ్తే అమ్మమ్మ, మామ్మల మందుల సంచి ఒకసారి చూడండి.

ఎప్పుడు ఆగకూడదు?

కింది వాటిలో ఏ ఒక్కటున్నా మెడికల్ షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

- తారులా నల్లటి, జిగట మలం. రక్తపు వాంతి, లేదా కాఫీ పొడిలాంటి వాంతి. ఇవి ఉంటే ఆ రోజే, ఆ గంటలోనే వెళ్లాలి.
- ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ముద్ద మింగుతుంటే అడ్డుపడటం.
- ఆగకుండా వాంతులు, రక్తహీనత, మెట్లెక్కితే ఆయాసం.
- ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉండటం, లేదా నడివయసు దాటాక కొత్తగా కడుపు మంట మొదలవడం.
- రెండు వారాలు గ్యాస్ బిళ్ళ వాడినా తగ్గకపోవడం, ఆపగానే తిరగబెట్టడం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, దవడకి గానీ ఎడమ చేతికి గానీ పాకే నొప్పి ఉంటే సోడా తాగి చూడొద్దు. అది గుండెపోటు కావొచ్చు. 108కి ఫోన్ చేసి ముందు ఈసీజీ తీయించుకోవాలి. అది గ్యాస్ అని డాక్టరు చెప్పాలి, మనం కాదు.

తిండి సంగతికొస్తే నాకు పెద్ద పథ్యాలేం పెట్టలేదు. వేళకి తినడం, ఒకేసారి కడుపు పగిలేలా తినకపోవడం, తిన్నాక రెండు మూడు గంటలైనా పడుకోకపోవడం. పాలు తాగితే మంట ఆ కాసేపూ తగ్గుతుంది గానీ తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది. జీలకర్ర నీళ్లు, వాము, మజ్జిగ హాయిగా ఉంటే తీసుకోవచ్చు. అవి క్రిమిని చంపవు, అంతవరకు గుర్తుంచుకుంటే చాలు. గోదావరి గట్టున పుట్టినవాళ్లం కదా, ఏ నీళ్లయినా అరిగించుకుంటాం అని మనకో ధీమా. కాలువ నీళ్లయినా, బోరు నీళ్లయినా శుభ్రం చేసుకునే తాగాలి. తినేముందు చేతులు కడుక్కోవాలి.

నేను ఇప్పుడు పొద్దున్నే ఆఫీసుకి డబ్బా తీసుకెళ్తున్నా. మధ్యాహ్నం ఆవకాయ కూడా తింటున్నా, కాస్త తగ్గించి. తలనొప్పి వస్తే ముందు నీళ్లు తాగి, కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంటా. మరీ తప్పకపోతే పారాసిటమాల్.

మొన్న పక్క సీటు కుర్రాడు "అన్నా, నీ దగ్గర గ్యాస్ టాబ్లెట్ ఉంటుంది కదా, ఒకటి ఇవ్వు" అన్నాడు. సంచిలో ఉండేది ఒకప్పుడు.

"ఎన్నాళ్ల నుంచి?" అనడిగా.

"మూడు నెలలవుతోంది. ఏం లేదన్నా, గ్యాసే."

కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, మామ్మ అడిగిన ప్రశ్నే అడిగాను. వాడూ నాలాగే నవ్వాడు. నవ్వడం అయ్యేదాకా ఆగి, మళ్లీ అడిగాను.